ఐ-94 గడువు దాటిన అమ్మకు గ్రీన్‌కార్డ్: గుంటూరు వైపు కాగితాల పని

కూతురి పురుటికనో, మనవల్ని చూసుకోవడానికనో విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లి, ఆరోగ్యం బాగాలేకో మరో ఇబ్బంది వచ్చో గడువులోగా తిరిగి రాలేకపోయిన తల్లులు గుంటూరు, విజయవాడల్లో తెలిసిన ఇళ్లలో చాలామందే కనిపిస్తారు. మా అమ్మ ఫైలూ అలాంటిదే. పిటిషన్ వేసింది అక్క. తను అమెరికా పౌరురాలు. అక్కడి ఫారాలు అక్క, లాయరు చూసుకున్నారు. గుంటూరు కార్పొరేషన్, సత్తెనపల్లి వైపు పంచాయతీ, తహసీల్దారు ఆఫీసు, నోటరీ, ఇవన్నీ నా వంతు. ఈ పనిలో ఏ కాగితం ఎందుకు అడుగుతారో, ఎక్కడ ఫైలు ఆగుతుందో తెలిసినంత రాస్తున్నాను.

గడువు దాటాక గ్రీన్‌కార్డ్ ఇస్తారా అన్నది అందరూ ముందుగా అడిగే ప్రశ్న. ఇస్తారు, కానీ బంధుత్వాన్ని బట్టి. అమెరికా పౌరుల భర్త లేదా భార్య, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలు, 21 నిండిన పౌరుల తల్లిదండ్రులు, ఈ మూడు వరసల వాళ్లను అక్కడి చట్టం దగ్గరి బంధువులుగా లెక్కిస్తుంది. వీళ్లకు స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోయినా, అనుమతి లేకుండా పనిచేసినా ఆ ఒక్క కారణంతో దరఖాస్తు కొట్టేయరు. అయితే దేశంలోకి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ అధికారి ముందు నిలబడి, అనుమతితో లోపలికి వచ్చి ఉండాలి. దానికి రుజువు ఐ-94, అంటే ఎప్పుడు వచ్చారో, ఏ తేదీ దాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు. సరిహద్దు దాటి దొంగదారిన వచ్చినవాళ్లకు ఈ మినహాయింపు లేదు. ఓడ సిబ్బందికిచ్చే సీ1/డీ వీసా మీద వచ్చినవాళ్లకూ లేదు, పౌరుల్ని పెళ్లి చేసుకున్నా సరే.

ఎక్కువమంది పొరబడేది గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ల కుటుంబం విషయంలో. అల్లుడికి గ్రీన్‌కార్డ్ ఉంది కదా, కూతురి స్టేటస్ పోయినా వేసేయొచ్చు అనుకుంటారు. కుదరదు. గ్రీన్‌కార్డ్‌దారు భార్య దగ్గరి బంధువుల వరసలోకి రాదు, స్టేటస్ పోతే అక్కడే ఆగిపోతుంది. అతను పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి మాత్రం ఆ అమ్మాయి వరస మారిపోతుంది. ఇక గ్రీన్‌కార్డ్ మాత్రమే ఉన్న కొడుకో కూతురో తల్లికి పిటిషన్ వేయడమే కుదరదు. ఉద్యోగం ద్వారా వేసేవాళ్లకు వేరే లెక్క. చివరిసారి చట్టబద్ధంగా దేశంలోకి వచ్చిన నాటి నుంచి స్టేటస్ లేని రోజులు, అనుమతి లేకుండా పనిచేసిన రోజులు అన్నీ కలిపి 180 దాటకూడదు. దాన్నే లాయర్లు 245(కె) అంటారు. కానీ మనవాళ్లకు ప్రాధాన్య తేదీ, అంటే గ్రీన్‌కార్డ్ వరసలో తమ వంతు, వచ్చేసరికే ఏళ్లూ పూళ్లూ పడుతుంది కాబట్టి, కొత్తగా ఉద్యోగం పోయినవాళ్లకు ఇది కాగితం మీద వెసులుబాటే.

తల్లిదండ్రులు ఇద్దరికీ కావాలంటే రెండు ఐ-130లు (బంధుత్వ పిటిషన్), రెండు ఐ-485లు (గ్రీన్‌కార్డ్ దరఖాస్తు) వేయాలి. ఒకరి ఫైలు మీద ఇంకొకరు రారు. అమ్మ ఫైలు మీద పెళ్లికాని తమ్ముడూ రాడు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. గడువు దాటిన మనిషి ఫైలు వేయకముందు దేశం దాటకూడదు. ఐ-94 తేదీ దాటాక 180 రోజులకు మించి, ఏడాదిలోపు ఉండి బయటికి వెళ్తే మూడేళ్ల నిషేధం. ఏడాది, ఆపైన ఉండి వెళ్తే పదేళ్లు. ఆ నిషేధం అమెరికాలో కూర్చున్నంతకాలం పడదు, విమానం ఎక్కిన క్షణాన పడుతుంది. "ఇక్కడికొచ్చి కాగితాలన్నీ చక్కబెట్టుకుని ముంబయి కాన్సులేట్‌లో వీసా తీసుకుని పోవచ్చు కదా" అని మన ఊళ్లో సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. గడువు దాటనివాళ్లకు అది మంచి దారే. దాటినవాళ్లకు మాత్రం గొయ్యి. మినహాయింపు అడిగే ఫారం ఒకటి ఉంది, ఐ-601ఎ. కానీ ఆ మనిషి లేకపోతే తీవ్రంగా ఇబ్బంది పడేది పౌరులో గ్రీన్‌కార్డ్‌దారో అయిన భర్త, భార్య, తల్లి, తండ్రి అయి ఉండాలి. పిల్లల ఇబ్బంది అక్కడ లెక్కలోకి రాదు. అంటే అమెరికాలో కూతురు తప్ప ఇంకెవరూ లేని తల్లికి ఆ తలుపు మూసినట్టే. అందుకే కాగితాలు ఆమె దగ్గరికి వెళ్లాలి గానీ, ఆమె కాగితాల దగ్గరికి రాకూడదు.

రోజుల లెక్క ఐ-94 మీది తేదీ నుంచి మొదలవుతుంది. పాస్‌పోర్ట్‌లో అంటించిన వీసా పదేళ్లకు ఉండొచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు. అమెరికా సరిహద్దు, కస్టమ్స్ శాఖ (సీబీపీ) వెబ్‌సైట్‌లో పాస్‌పోర్ట్ నంబరు కొడితే ఐ-94 దొరుకుతుంది. దొరక్కపోతే పేరు తిరగేసి కొట్టి చూడాలి, ఎందుకన్నది తర్వాత చెప్తాను. ఐ-94 గడువులోపే ఐ-539 వేసి పొడిగింపు అడిగి ఉంటే, అది పెండింగులో ఉన్నన్నాళ్లు ఈ లెక్క నడవదు. తిరస్కరించిన మర్నాటి నుంచి నడుస్తుంది. రోజులు ఇంకా 180 లోపే ఉంటే తొందరపడి దరఖాస్తు వేయాల్సిన పనిలేదు. తిరిగొచ్చి ముంబయి దారిలో వెళ్లడం కూడా చేతిలో ఉన్న దారే. ఒక్క రోజు దాటినా పాత విజిటర్ వీసా రద్దయిపోతుందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మన వైపు పని. తల్లికి పిటిషన్ వేయాలంటే గుండెకాయలాంటి కాగితం తల్లిది కాదు, కూతురిది. కూతురి జనన ధ్రువపత్రంలో కూతురి పేరు, తల్లి పేరు రెండూ ఉండాలి. తండ్రికి వేస్తే దాంతోపాటు తల్లిదండ్రుల పెళ్లి రుజువు కూడా కావాలి. గుంటూరు ఆసుపత్రుల్లో పుట్టినవాళ్లవి కార్పొరేషన్ రిజిస్టర్లలో చాలావరకు దొరుకుతాయి. చిక్కల్లా లోపల రాసిన వివరాలతోనే. ఆ రోజుల్లో ఆసుపత్రి నుంచి వెళ్లిన రిపోర్టులో బిడ్డ పేరు ఉండదు, 'ఆడ' అని మాత్రమే ఉంటుంది. తల్లి పేరు ఇంట్లో పిలిచే పేరో, సగం పేరో పడి ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో వెంకట సుబ్బలక్ష్మి, రిజిస్టర్లో ఉత్త లక్ష్మి. అక్కడి అధికారికి ఇద్దరూ ఒకటేనని తెలియదు, తెలియజెప్పాల్సింది మనమే.

పేరు లేని ధ్రువపత్రంలో పేరు చేర్చడానికి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ వీలిస్తుంది. నియమాల్లో పెట్టిన మామూలు గడువు 15 ఏళ్లు. నలభై ఏళ్ల కూతురికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ముందు సచివాలయంలోనో కార్పొరేషన్‌లోనో అడగాలి. చేరిస్తే సంతోషం, చేర్చకపోతే పేరు లేని పత్రాన్నే పెట్టి, పక్కన పదో తరగతి మెమో, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత రేషన్ కార్డు కాపీ జతచేయాలి. పాత మెమోల్లో తండ్రి పేరు మాత్రమే ఉంటుంది, కాబట్టి ఒక్క మెమోతో తల్లి బంధం రుజువు కాదు. తల్లీ పిల్లలూ ఒకే కాగితం మీద కనిపించేది ఏదైనా విలువైనదే.

అక్షరదోషాలైతే 15వ సెక్షన్ కింద దిద్దించుకోవచ్చు. దిద్దుబాటుకు పుట్టినప్పటికి దగ్గరలో ఉన్న రుజువు అడుగుతారు. నిన్నగాక మొన్న తీసిన ఆధార్ చూపిస్తే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు కూడా. లక్ష్మి, వెంకట సుబ్బలక్ష్మి లాంటి పెద్ద తేడాలకు దిద్దుబాటు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ రాయించి, రెండు పేర్లూ ఏదో ఒక చోట కనిపించే పాత కాగితం దానికి జతచేయడం నయం. బ్యాంకు పాస్‌బుక్, ఎల్‌ఐసీ బాండు, పొలం పాస్‌బుక్, తండ్రి సర్వీసు రిజిస్టర్లో నామినీ పేజీ, ఇలాంటివి పాత ట్రంకు పెట్టెల్లో వెతికితే దొరుకుతాయి.

కూతురి పుట్టుక అసలు నమోదే కాలేదనుకోండి. ఏడాది దాటిన నమోదుకు రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి, మన దగ్గర ఆ ఫైలు ఆర్డీవో ఆఫీసుకు వెళ్తుంది. ఆ ఉత్తర్వు మీద ఈ ఏడాది కొత్తగా తీసుకున్న ధ్రువపత్రం చూపిస్తే అక్కడి అధికారి ముందు చూసేది నమోదు తేదీని. నలభై ఏళ్ల కింద పుట్టిన మనిషికి పోయిన నెల నమోదు అనగానే అదనపు సాక్ష్యం అడుగుతారు. అడిగేదాకా ఆగకుండా మొదటి కట్టలోనే మెమో, అఫిడవిట్లు పెట్టేయడం మంచిది. ఇవన్నీ చాలవనిపిస్తే డీఎన్‌ఏ పరీక్ష సూచిస్తారు. తల్లీ కూతుళ్లు ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో అది పెద్ద పని కాదు. కంగారుపడాల్సిన సంగతి అసలే కాదు.

ఐ-485కి తల్లి పుట్టుక రుజువు విడిగా కావాలి. అసలు తిరుగుడు ఇక్కడ మొదలవుతుంది. 1950లలో పల్లెలో పుట్టిన మనిషికి జనన ధ్రువపత్రం ఎక్కడిది? దేశమంతటికీ ఒకటే నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు ఊళ్లో రిజిస్టరు మునసబు దగ్గర ఉండేది. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి, మరుసటేడు తాలూకాలు మండలాలయ్యాయి. ఆ చేతులు మారడంలో పాత రిజిస్టర్లు కొన్ని రెవెన్యూ రికార్డు గదులకు చేరాయి, కొన్ని చెదలకు చేరాయి. ముందు నిజంగా వెతికించాలి, అరుదుగా దొరుకుతాయి. దొరక్కపోతే 'రికార్డు లభ్యం కాలేదు' అనే ధ్రువపత్రం తీసుకోవాలి. జనన మరణాల నియమాల్లో దానికి 10వ నంబరు ఫారం ఉంది. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి, పట్నంలో అయితే మున్సిపాలిటీ రిజిస్ట్రార్ ఇస్తారు.

ఆ ధ్రువపత్రం ఎలా ఉండాలన్నదే అసలు సంగతి. "ఈ ఆఫీసులో సదరు సంవత్సరం రికార్డులు లేవు" అని ఒక వాక్యం రాసి ముద్ర కొట్టి ఇస్తుంటారు. అది పనికిరాదు. ఎవరి గురించి వెతికారో అందులో ఉండాలి: తల్లి పూర్తి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు, పుట్టిన తేదీ, ఊరు, ఆమె తల్లి పేరు, తండ్రి పేరు, ఏ సంవత్సరం రిజిస్టరు చూశారో, నమోదు కనబడలేదన్న మాట, ఇచ్చినవారి పేరు, హోదా, తేదీ, గుండ్రటి ముద్ర. దరఖాస్తులోనే ఈ వివరాలన్నీ టైపు చేసి ఇస్తే గుమాస్తా వాటినే ఎత్తి రాస్తాడు. చేతిరాతలో ఇస్తే పేరు అక్షరాలు కౌంటరు దగ్గరే సరిచూసుకోవాలి. ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

జిల్లా పేరు దగ్గర ఇంకో పితలాటకం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక సత్తెనపల్లి, నరసరావుపేట పల్నాడు జిల్లాలోకి, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. విజయవాడ కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. పాస్‌పోర్ట్‌లో పుట్టిన చోటు గుంటూరు జిల్లా అని ఉంటుంది, పంచాయతీ వాళ్లిచ్చే కాగితం మీద పల్నాడు జిల్లా అని అచ్చవుతుంది. రెండూ నిజమే. పైన పెట్టే లేఖలో 'పాత గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా' అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. దీనికోసం పాస్‌పోర్ట్ మార్పించనక్కర్లేదు.

రికార్డు లేదన్న పత్రం ఒక్కటే పుట్టుకను రుజువు చేయదు, దాని పక్కన రెండో రకం సాక్ష్యం కావాలి. బడికి వెళ్లిన తల్లి అయితే ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు నుంచి టీసీ గానీ స్టడీ సర్టిఫికెట్ గానీ తేవాలి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు అనుకున్నదానికంటే బాగానే భద్రపరుస్తారు. అందులో జూలై 1 అనో, జూన్ 1 అనో గుండు తేదీ ఉంటే ఆశ్చర్యపోవద్దు, బళ్లో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ అది. పాస్‌పోర్ట్‌లోనూ అదే ఉంటే దాన్ని కదపకండి. జాతకం ప్రకారం అసలు తేదీ వేరే ఉందని ఫారంలో కొత్త తేదీ రాసినవాళ్ల ఫైళ్లే చిక్కుల్లో పడతాయి.

బడి రికార్డు కూడా లేకపోతే అఫిడవిట్లే గతి. కనీసం రెండు ఉండాలి. సాక్షి పుట్టుకను స్వయంగా ఎరిగినవారై ఉండాలి. ఈ ఒక్క నియమాన్ని మన నోటరీ ఆఫీసులు పట్టించుకోవు. "ఫార్మాట్ మా దగ్గర ఉందండీ, మీరు సంతకం పెట్టిస్తే చాలు" అంటారు. ఆ ఫార్మాట్‌లో భర్త సంతకం పెడతాడు, లేదా కొడుకు పెడతాడు. తల్లి పుట్టిన రోజు కొడుక్కి ఎలా తెలుస్తుంది? అమ్మకంటే పెద్దవాళ్లు, అంటే పెద్ద మేనమామ, పెద్దమ్మ, ఊళ్లో పక్కింటి పెద్దాయన, ఇలాంటివాళ్లు కావాలి. వయసులో రెండేళ్లే పెద్ద అయితే ఆ సాక్ష్యానికి బలం ఉండదు, పుట్టుక గుర్తుండే వయసు ఉండాలి కదా. అఫిడవిట్‌లో సాక్షి పూర్తి పేరు, చిరునామా, సాక్షి పుట్టిన తేదీ, ఊరు, అమ్మతో వరస, ఏ ఊళ్లో ఎవరికి పుట్టిందో, ఆ సంగతి తనకెలా తెలుసో రాయాలి. చివరిది లేకపోతే మిగతావన్నీ ఉన్నా నిలవదు. "ఆమె నా చెల్లెలు, మా ఇంట్లోనే పుట్టింది, అప్పటికి నాకు తొమ్మిదేళ్లు" అన్న ఒక్క వాక్యం పేజీడు లాయరు భాషకంటే మేలు.

సాక్షికి ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయించి అనువాదం జతచేయడం శుభ్రమైన పద్ధతి. ఇంగ్లీషులో టైపు చేయించి వేలిముద్ర వేయిస్తే, తెలుగులో చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పినట్టు నోటరీ చేత రాయించాలి. స్టాంపు పేపరు మన అలవాటు, అక్కడివాళ్లు దాన్ని అడగరు. ఉన్నా నష్టం లేదు. సాక్షి గుర్తింపు కార్డు జిరాక్స్ వెనక పెట్టడం మర్చిపోవద్దు.

పెళ్లి కాగితం గురించి. తల్లికి వేసే పిటిషన్‌లో పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, కానీ పెళ్లితో ఇంటిపేరు మారి ఉంటే ఆ మార్పు చూపించాలి. 1970లలో జరిగిన పెళ్లిని ఇప్పుడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించాలంటే దంపతులిద్దరూ హాజరు కావాలి. ఒకరు అమెరికాలో ఉన్నా, ఒకరు కాలం చేసినా కుదరదు. అలాంటప్పుడు శుభలేఖ, పెళ్లి ఫోటో, పెళ్లి చూసిన పెద్దల అఫిడవిట్లు పెట్టాలి. తండ్రి లేకపోతే ఆయన మరణ ధ్రువపత్రం తప్పదు, అందులో భార్య పేరు కూడా ఉంటే ఇంకా మంచిది.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. ముద్రలో అక్షరాలు, పక్కన చేత్తో రాసిన గీతలతో సహా. కింద అనువాదకుడు తనకు రెండు భాషలూ వచ్చని, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని రాసి సంతకం, పేరు, చిరునామా, తేదీ పెట్టాలి. దీనికి నోటరీ అక్కర్లేదు. బయటి మనిషి, తెలుగు మాస్టారో స్నేహితుడో చేస్తే బాగుంటుంది. దరఖాస్తుదారే చేసుకోకూడదు.

కొనకూడనివి కూడా చెప్పాలి. విజయవాడలో కాగితాల ఏజెంట్లు ప్రతి ధ్రువపత్రానికీ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయిస్తామంటారు. ఐ-485కి అపోస్టిల్ అడగరు, ఆ డబ్బు దండగ. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా ముంబయిలో ఇమిగ్రెంట్ వీసా తీసుకునేవాళ్లకు కావాల్సిందే గానీ, అమెరికాలోనే స్టేటస్ మార్చుకునేవాళ్లకు మామూలుగా అవసరం లేదు. మరి కేసులు? ఇక్కడ ఎప్పుడైనా అరెస్టు జరిగి ఉంటే, కొట్టేసిన కేసైనా సరే, ఫారంలో అవునని రాసి కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ పెట్టాలి. పొలం గట్టు తగాదా కేసులు, 498ఎ కేసులో అత్తగారిని కూడా చేర్చినవి, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గుంటూరు కోర్టులో పాత కాపీ తీయడానికి సమయం పడుతుంది కాబట్టి దీన్నే అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి.

ఇందాక అన్న పేరు సంగతి. మన పెద్దవాళ్ల పాస్‌పోర్ట్‌లలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఇచ్చిన పేరు గడిలో ఉండటం మామూలే. అలాంటివాళ్లకు అమెరికా వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు వైపు పడి, ఇచ్చిన పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. ఐ-94 కూడా అలాగే ఉంటుంది, అందుకే వెతికినప్పుడు దొరకదు. ఫారాల్లో వాడిన ఇతర పేర్లు రాసే చోట ఈ రూపాలన్నీ రాయాలి. ఎఫ్‌ఎన్‌యూ రూపం, పెళ్లికి ముందు ఇంటిపేరు, రిజిస్టర్లోని లక్ష్మి, అన్నీ.

అమెరికా వైపు కట్ట గురించి క్లుప్తంగా. ఐ-130, ఐ-485, ఐ-864 ఒకే కవర్లో వెళ్తాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న పట్టిక ప్రకారం కాగితం మీద వేసే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1440. పని అనుమతి కావాలంటే ఐ-765కి మరో 260, ప్రయాణ అనుమతి ఐ-131కి 630. పంపే రోజున పట్టిక మళ్లీ చూసుకోవాలి, ఒక్క డాలరు తేడా వచ్చినా కట్ట మొత్తం తిప్పి పంపుతారు. 2025 అక్టోబరు చివరి నుంచి చెక్కులు తీసుకోవడం ఆపేశారు. కార్డుతో కడితే జీ-1450, బ్యాంకు ఖాతా నుంచి అయితే జీ-1650, అదీ ఒక్కో ఫారానికి ఒక్కోటి. ఫారాల కింద ఉండే ఎడిషన్ తేదీ అన్ని పేజీలకూ ఒకటే ఉండాలి. పాత ప్రింటు పేజీ ఒకటి కలిసినా తిప్పికొడతారు.

ఐ-864 అంటే కూతురు ఆర్థిక బాధ్యత రాసిచ్చే కాగితం. కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు, అమ్మ, మొత్తం అయిదుగురైతే 2025 పట్టిక ప్రకారం ఏడాదికి 47,062 డాలర్ల ఆదాయం చూపాల్సి ఉండేది. కూతురు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటే అల్లుడు ఐ-864ఎ సంతకం చేసి తన ఆదాయం కలపొచ్చు. అత్తగారి బాధ్యత అల్లుడి నెత్తిన పడుతుంది, ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

వైద్య పరీక్ష ఐ-693 ఇప్పుడు దరఖాస్తుతోపాటే పెట్టాలి, 2024 డిసెంబరు నుంచి అంతే. అక్కడి ప్రభుత్వం గుర్తించిన సివిల్ సర్జన్ మాత్రమే చేయాలి, కవరు ఆయన సీలు చేసి ఇస్తాడు, దాన్ని చింపకూడదు. మన పెద్దవాళ్లలో క్షయ రక్త పరీక్ష పాజిటివ్ రావడం వింతేమీ కాదు. వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే అది నిద్రాణంగా ఉన్న క్షయ, దాంతో గ్రీన్‌కార్డ్ ఆగదు. పూర్వం టీబీ మందులు వాడి ఉంటే ఆ చికిత్స కాగితాలు, పాత ఎక్స్‌రే ఇక్కడి ఆసుపత్రి నుంచి తెప్పించి ఇవ్వాలి. టీకాల కార్డు పెద్దవాళ్లకు ఉండదు. వయసుకు తగిన టీకాలు అక్కడే వేస్తారు.

కాపీలతోనే దరఖాస్తు వేయొచ్చు, ఒరిజినల్స్ ఇంటర్వ్యూకి. కాబట్టి ముందు రంగుల స్కాన్ పంపి, ఒరిజినల్స్ తెలిసినవాళ్లు వెళ్తున్నప్పుడు చేతిసంచీలో పంపడం మేలు. లామినేషన్ చేయించకండి, ముద్ర, వెనకవైపు రాత కనిపించకుండా పోతాయి.

రసీదు నోటీసులో దరఖాస్తు అందినట్టు చూపిన తేదీ నుంచి గడువు దాటిన రోజుల లెక్క ఆగుతుంది. అంతమాత్రాన స్టేటస్ తిరిగి వచ్చినట్టు కాదు. దరఖాస్తు కొట్టేస్తే మనిషి మళ్లీ మొదటి చోటే ఉంటుంది. 2025 ఫిబ్రవరి 28 నాటి విధానం ప్రకారం, తిరస్కరించిన నాటికి చట్టబద్ధంగా లేనివాళ్లకు దేశం నుంచి పంపేసే విచారణకు ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు కూడా ఇస్తారు. అందుకే అబద్ధం గానీ అనుమానం గానీ ఉన్న కాగితం ఫైల్లోకి వెళ్లకూడదంటాను. గడువు దాటినవాళ్ల ఫైలు లాయరు లేకుండా వేయడం నాకు నచ్చదు. ముఖ్యంగా పాత అరెస్టు, పాత ఓవర్‌స్టే, వీసా ఇంటర్వ్యూలో చెప్పిన తప్పు సమాచారం ఉంటే లాయరు లేకుండా అసలు వేయకూడదు. అదనపు సాక్ష్యం అడిగితే గరిష్ఠంగా 84 రోజులు ఇస్తారు, జవాబు ఒకేసారి మొత్తం పంపాలి. సగం ఇప్పుడు సగం తర్వాత అంటే మొదటి సగంతోనే తేల్చేస్తారు. ఆ 84 రోజుల్లో పంచాయతీ కాగితం తేవాలంటే నెత్తిన నిప్పులున్నట్టే, ముందే తెచ్చిపెట్టుకోవాలి.

ఇంటర్వ్యూ పిలుపు వస్తే తెలుగు మాట్లాడే దుబాసీని మనమే తీసుకెళ్లాలి. జీ-1256 అనే దుబాసీ హామీ ఫారం మీద అమ్మ, దుబాసీ ఇద్దరూ అధికారి ఎదుట సంతకం చేస్తారు. పిటిషన్ వేసిన కూతురే దుబాసీగా కూర్చోకుండా వేరే మనిషి ఉండటం మంచిది. అమ్మను అడిగేవి చిన్న ప్రశ్నలే: ఎప్పుడొచ్చారు, ఎందుకు ఉండిపోయారు, ఎక్కడైనా పనిచేశారా. నిజం చెప్తే చాలు. వచ్చేటప్పుడు తిరిగి వెళ్లే ఉద్దేశంతోనే వచ్చారా అని అడుగుతారు, తిరుగు టికెట్, ఆగిపోవాల్సి వచ్చిన ఆసుపత్రి కాగితాలు ఉంటే దగ్గర పెట్టుకోవాలి.

ఫైలు నడిచే కాలంలో ఇక్కడ ఎవరైనా పోతే? అందరూ నోటితో అనడానికి జంకే ప్రశ్న ఇదే. ప్రయాణ అనుమతి చేతికి రాకుండా విమానం ఎక్కితే ఐ-485 వదిలేసుకున్నట్టే, పైన నిషేధం కూడా. అనుమతి తీసుకుని వెళ్లొస్తే ఆ ప్రయాణం నిషేధాన్ని తేదని 2012లో అక్కడి ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పిచ్చింది. ఆ కేసు, పేర్లను బట్టి చూస్తే, తెలుగు దంపతులదే. అత్యవసరమైతే స్థానిక కార్యాలయంలో వెంటనే అనుమతి అడగొచ్చు, మరణ ధ్రువపత్రమో ఆసుపత్రి లేఖో ఇక్కడి నుంచి అదే రోజు స్కాన్ చేసి పంపాలి. అయినా తిరిగి లోపలికి రానివ్వడం విమానాశ్రయ అధికారి చేతిలో ఉంటుంది కాబట్టి, లాయరుతో మాట్లాడకుండా కదలొద్దు.

ఇంటి పనులూ ఆగవు. ఫ్యామిలీ పెన్షన్ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ గడువు చూసుకోవాలి, భారత కాన్సులేట్ ద్వారా పంపొచ్చు. స్థలం అమ్మకమో పంపకమో ఉంటే అమ్మ అక్కడి కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇండియాలో చేతికందిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి, మూడు నెలలు దాటితే ఆ కాగితం చిక్కులో పడుతుంది. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడితే ముందే రెన్యువల్‌కు వేయాలి. పోలీసు విచారణ గుంటూరు చిరునామాకు వస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఉండి సమాధానం చెప్పాలి, తాళం వేసి ఉంటే ఆ ఫైలూ అక్కడే ఆగుతుంది.

కార్డు వచ్చాక మాత్రం అమ్మ గుంటూరు వచ్చి వెళ్లొచ్చు. పాత ఓవర్‌స్టే రోజుల నిషేధం గ్రీన్‌కార్డ్‌దారుకు వర్తించదు. అయితే ఆరు నెలలు దాటి ఇక్కడ ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, ఏడాది దాటితే కార్డుకే ముప్పు. ఎక్కువ కాలం ఉండే ఉద్దేశం ఉంటే బయల్దేరే ముందు అమెరికాలో ఉండగానే ఐ-131 మీద రీ-ఎంట్రీ పర్మిట్ వేసి, వేలిముద్రలు అక్కడే ఇచ్చి రావాలి. మామూలుగా రెండేళ్లకు ఇస్తారు. ఇక్కడికొచ్చాక వేద్దామంటే కుదరదు.